నలభై రూపాయల రైలు

మా మేనేజింగ్ డైరెక్టరు గారు ఊటీలో ఏదో సదస్సుకి వెళ్ళొచ్చినందువల్ల మా అందరికీ అభిరుచులు పట్టుకున్నాయి.

అంతకు ముందు మేం మామూలుగానే ఉండేవాళ్ళం. మాది రాష్ట్ర గోనెసంచుల అభివృద్ధి సంస్థ, ఏలూరు ప్రాంతీయ కార్యాలయం. పొద్దున వచ్చి సంచులు లెక్కపెట్టేవాళ్ళం. సాయంత్రం మళ్ళీ లెక్కపెట్టి ఇళ్ళకి పోయేవాళ్ళం. రెండు లెక్కలకీ కాస్త తేడా వచ్చేది. ఆ తేడాకి కారణం ఎలుకలని ఏటా ఆడిటు వాళ్ళకి రాసి పంపేవాళ్ళం, వాళ్ళూ సరేననేవాళ్ళు. ఊటీ సదస్సులో ఒక నిపుణుడు లేచి, అభిరుచి ఉన్న ఉద్యోగి పనిలో తప్పులు చెయ్యడనీ, లేనివాడే చేస్తాడనీ తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించాడట. డైరెక్టరు గారు కొండ దిగేలోపే ఒక నిర్ణయానికొచ్చేశారు. ఎలుకలది ఏ తప్పూ లేదు. మాకు అభిరుచులు లేకపోవడమే అసలు లోపం.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. మా ప్రాంతీయ మేనేజరు వైకుంఠరావు గారు అందర్నీ హాల్లోకి పిలిచి, కళ్ళజోడు సవరించుకుని చదివారు. "సంస్థలోని ప్రతి ఉద్యోగీ నెలాఖరులోగా ఒక అభిరుచిని కలిగియుండి, సదరు అభిరుచిని తగు ఆధారములతో పై అధికారికి సమర్పించవలెను. అభిరుచి లేనివారి వార్షిక ఇంక్రిమెంటు నిలుపుదల చేయబడును."

వైకుంఠరావు గారు మంచివారే. కాకపోతే ఆయన మాట్లాడితే ఎవరో పక్కన టైపు కొడుతున్నట్టుంటుంది. ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని, అన్నంలోకి పెరుగు కావాలంటే "పెరుగు మంజూరు చేయవలసినది" అంటారని మా వాళ్ళు చెప్పుకునేవారు.

సంచుల సెక్షనులో జోగారావు చెయ్యెత్తాడు. "సార్, నాకు నిద్రంటే బాగా ఇష్టమండి. అది రాసేసుకోనాండి?"

"కుదరదు," అన్నారు వైకుంఠరావు గారు. "కార్యాలయపు పనివేళల్లో నిర్వర్తించు కార్యక్రమమును అభిరుచిగా పరిగణించరాదు."

ఆ సాయంత్రం నించీ ఆఫీసంతా అభిరుచుల వేటలో పడింది. నేను ఉదయపు నడక అని రాశాను. నడిచినట్టు ఆధారం ఏదీ అంటే, బూట్ల బిల్లు పెట్టాను. జోగారావు బెజవాడ వెళ్ళి ఒక వీణ కొనుక్కొచ్చాడు. వాడికి వీణ వాయించడం రాదు. రావాలని సర్క్యులర్లో ఎక్కడా లేదు. ఇంట్లో పెట్టడానికి చోటు లేక దాన్ని తన సీటు పక్కనే నిలబెట్టాడు. మర్నాటి నించీ మేం మా కేరియర్లు దానికే తగిలించుకునేవాళ్ళం.

ఇంత హడావిడిలోనూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నవాడు ఒక్కడే, నా పక్క సీటు త్రిమూర్తులు. ఎందుకంటే అతని దగ్గర నిజంగానే ఒక అభిరుచి ఉంది.

త్రిమూర్తులు, అతని భార్య మంగతాయారు పవర్‌పేట స్టేషనుకి వెళ్ళే వీధిలో ఒక పాత పెంకుటింట్లో ఉంటారు. మేడ మీద ఒకే ఒక్క గది. ఆ గది నిండా బల్లలు, బల్లల నిండా రైలు. నేను చాలాసార్లు చూశాను. పట్టాలు పాత గొడుగుల ఊచలు. పెట్టెలు ఇంటికొచ్చిన శుభలేఖల అట్టలతో చేసినవి. ఏ పెట్టెలోకి తొంగి చూసినా ఎవరిదో ఒకరి సుముహూర్తం కనిపిస్తుంది. ఇంజను లోపల పాడైన టేపురికార్డరు మోటారు. గిన్నెలు తోమే పీచుకి ఆకుపచ్చ రంగేస్తే చెట్లయ్యాయి. మంగతాయారు గారి నీలం జాకెట్టు గుడ్డ మా ఊళ్ళో పారే తమ్మిలేరయింది. దాని మీద అగ్గిపుల్లల వంతెన.

ప్రయాణికులు మాత్రం ఆవిడ చేతి పని. చింతగింజలకి కళ్ళూ ముక్కూ దిద్ది, గుడ్డపేలికలు చుట్టి ప్లాట్‌ఫారం నిండా మనుషుల్ని నిలబెట్టింది. అరటిపళ్ళమ్మే మనిషి ఉంది. పిల్లాణ్ణి చంకనేసుకుని టిక్కెట్టు కోసం కొంగుముడి విప్పుకునే ఆవిడుంది. స్టేషను బయట, చేతిలో పెట్టెతో, ఒంటికాలి మీద పరిగెత్తుతున్నట్టు ఒకాయన ఉన్నాడు. "ఆయన మా నాన్నండి," అని ఆవిడే ఒకసారి చెప్పింది. "బతికున్నన్నాళ్ళూ ఒక్క బండీ అందుకున్న పాపాన పోలేదు."

రోజూ ఆఫీసు నించి వచ్చాక మొగుడూ పెళ్ళాం కాసేపు ఆ గదిలో కూర్చునేవాళ్ళు. రైలు తమ్మిలేరు దాటాక అప్పుడప్పుడు దానంతటదే ఆగిపోయేది. త్రిమూర్తులు వెంటనే దాన్ని తోసేవాడు కాదు. "సిగ్నలివ్వలేదే తాయారూ," అనేవాడు. ఆవిడ కిందకెళ్ళి చారు దింపి వచ్చేది. అప్పుడు సిగ్నలిచ్చేవాడు.

అలాంటివాడు సర్క్యులరుతో వచ్చిన ఫారం పూర్తి చెయ్యడానికి భయపడతాడా? అభిరుచి పేరు దగ్గర 'బొమ్మ రైలు' అని రాశాడు. ఎన్నాళ్ళ నించి అన్నచోట 'పద్ధెనిమిదేళ్ళ నించి' అన్నాడు. నెలసరి వ్యయం అన్న గడి దగ్గర కాస్త ఆలోచించి, రంగులు, జిగురు, పోయిన నెలలో ఒక చిన్న బల్బు కలుపుకుని, 'సుమారు నలభై రూపాయలు' అని రాసి సంతకం పెట్టాడు.

జోగారావు వీణ మంజూరైపోయింది. నా నడకా మంజూరైపోయింది. త్రిమూర్తులుకి మాత్రం మెమో వచ్చింది.

మా సంస్థ ప్రధాన కార్యాలయంలో అప్పటికే అభిరుచుల విభాగం ఒకటి తెరిచారు. దానికి సమన్వయాధికారి డాక్టరు చిదానందం గారు. ఆయన అభిరుచుల్ని ఖర్చును బట్టి మూడు తరగతులు చేశారు. జీతంలో నాలుగో వంతు ఖర్చయితే అది 'అంకితభావం'. పదో వంతైతే 'అభిరుచి'. అంతకన్నా తక్కువైతే 'కాలక్షేపం'. కాలక్షేపం అంటే కాలాన్ని వృథా చెయ్యడం గనక, అది ప్రవర్తనా నియమావళి ప్రకారం నేరం.

త్రిమూర్తులు మెమో పట్టుకుని మేనేజరు గారి గదిలోకి వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళడానికి ధైర్యం చాలక నన్నూ లాక్కెళ్ళాడు.

"సార్, నేనేం తప్పు చేశానండి?" అన్నాడు.

"పద్ధెనిమిది సంవత్సరములుగా కాలక్షేపము చేయుచున్నట్లు మీరే స్వహస్తముతో అంగీకరించియున్నారు," అన్నారు వైకుంఠరావు గారు, నొచ్చుకుంటూనే.

"అంటే, ఖర్చవ్వకుండా చేశానండి. పనికిరాని సామానుతో చేశాను. మా ఆవిడ కూడా చెయ్యేసింది."

"అదియే ఇచ్చట సమస్య. ఖర్చులేని అభిరుచిని కొలుచుటకు సంస్థ వద్ద సాధనము లేదు. మీకు ఎంత ఇష్టమో మాకెట్లు తెలియవలె?"

"వచ్చి చూస్తే తెలుస్తుంది కదండి."

"చూచుటకు నియమములలో అవకాశము లేదు. బిల్లు చూచుటకే కలదు." మేనేజరు గారు గొంతు తగ్గించి, ఆ రోజుకి మొదటిసారి మామూలు మనిషిలా అన్నారు. "ఏదో ఒకటి కొనెయ్యవయ్యా బాబూ. వీణ చూడు, హాయిగా ఉంది."

ఎంత కొనాలి, ఎక్కడ కొనాలి అన్న బాధ కూడా సంస్థ ఉద్యోగికి మిగల్చలేదు. అభిరుచి అడ్వాన్సు ఇస్తారు, జీతంలో కోసుకుంటారు. ఒక్కో అభిరుచికీ సంస్థ ఆమోదించిన దుకాణం ఒకటుంది. బొమ్మ రైళ్ళకి బెజవాడలో, చల్లగా ఏసీ వేసిన షోరూము. ఆ ఆదివారం త్రిమూర్తులు, మంగతాయారు వెళ్తూ, బేరమాడటానికి ఉంటానని నన్నూ రమ్మన్నారు.

అక్కడ బేరాలు లేవు. టై కట్టుకున్న ఒక అబ్బాయి మమ్మల్ని ఒక పెద్ద అద్దాల పెట్టె ముందు నిలబెట్టి మీట నొక్కాడు. ఎర్రటి రైలు, సూదిలా మెరిసే పట్టాలు, తెల్లటి మంచు కొండలు, కొండల మధ్య సొరంగం. చప్పుడన్నది లేదు. పెట్టెలో అడుగుకో దీపం. ధర చూశాను. త్రిమూర్తులు ఆరు నెలల జీతం.

"మూత తియ్యొచ్చా బాబూ?" అని అడిగాడు త్రిమూర్తులు.

"లేదు సార్, తీస్తే వారంటీ పోతుంది. ఏమన్నా అయితే కంపెనీ మనిషి వస్తాడు. మీరు ముట్టుకోవలసిన అవసరమే రాదు సార్," అన్నాడు ఆ అబ్బాయి గర్వంగా.

మంగతాయారు అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది. "ఏలూర్లో మంచేంటండీ?" అంది.

"ఇది విదేశీ మోడల్ మేడమ్."

"బాగుంది నాయనా, బాలేదనను. మరి ఇందులో మా నాన్న ఎక్కడ పరిగెడతాడు?"

ఆ అబ్బాయికి అర్థం కాలేదు. త్రిమూర్తులు మాత్రం తల దించుకున్నాడు. మెమో అతని జేబులోనే ఉంది. ఇంక్రిమెంటు పోతే పోయింది, నేరం అన్న మాట సర్వీసు పుస్తకంలో ఎక్కితే పింఛను దాకా వెంటాడుతుందని రెండు రోజులుగా అతనికి అన్నం సయించట్లేదు. అడ్వాన్సు కాగితం మీద సంతకం పెట్టడానికి కలం తీశాడు.

"ఆగండి," అంది మంగతాయారు. "అద్దంలో పెట్టుకుని దూరం నించి చూడ్డానికైతే అసలు రైలే ఉంది కదండీ, మన వీధి చివర. దానికి ఆరు నెలల జీతం దేనికి? పదండి ఇంటికి."

"మరి ఆఫీసులో ఏమంటారో తాయారూ."

"ఏవంటారు? కాలక్షేపం చేశాడంటారు. చేశాం. మీరొక్కరేనా, నేనూ చేశాను. నాకూ ఇమ్మనండి మెమో."

మేం ఉత్త చేతులతో తిరిగొచ్చాం. రైల్లో త్రిమూర్తులు మెమో తీసి మళ్ళీ చదువుకున్నాడు. ఆవిడ మాత్రం కిటికీలోంచి ఏదో వంతెన చూసి, "చూడండి, మనం కమ్మీలు అడ్డంగా పెట్టాం, వీళ్ళు వాలుగా పెట్టారు," అంది.

ఆమోదించిన దుకాణంలోకి వెళ్ళి కూడా కొనకుండా తిరిగొచ్చినందుకు రెండో మెమో వచ్చింది. ఇది మొదటిదానికన్నా పొడుగు. సదరు బొమ్మ రైలు కాలక్షేప సామగ్రి గనక, దాన్ని నిరుపయోగ వస్తువుగా ప్రకటించి, తూకం వేసి, తుక్కు కింద వేలం వెయ్యడానికి ముగ్గురు సభ్యుల సంఘం శనివారం మధ్యాహ్నం వారింటికి వస్తుంది. చిదానందం గారు, వైకుంఠరావు గారు, అకౌంట్సు ఆఫీసరు రత్నకుమారి గారు. మినిట్సు రాయడానికి నన్ను వేశారు.

శనివారం మేం వెళ్ళేసరికి మంగతాయారు గుమ్మంలో నిలబడి ఉంది. మా వెనకాల బంట్రోతు గోనెసంచులు తూచే కాటా మోసుకొస్తున్నాడు. ఆవిడ కాటా వంక చూసింది, నా వంక చూసింది. నేను మినిట్సు పుస్తకంలోకి చూసుకున్నాను.

"మీరూ వచ్చారా అన్నయ్య గారూ, తుక్కు మొయ్యడానికి?" అంది.

'గృహిణి సంఘమునకు స్వాగతము పలికిరి' అని రాసుకున్నాను.

మేడ మీద గదిలోకి వెళ్ళాక అధికారులు ముగ్గురూ బల్లల మధ్య సందుల్లో సర్దుకుని రైలు వంక చూశారు. కాటా పెట్టడానికి నేల మీద చోటు లేదు. త్రిమూర్తులు ఒక మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో ఎవరో పోయినట్టుంది అతని వాలకం.

చిదానందం గారు నియమావళి తెరిచారు. "ఒక వస్తువును నిరుపయోగమని ప్రకటించుటకు ముందు, అది పనిచేయుట లేదని సంఘము ధ్రువీకరించవలెను. త్రిమూర్తులు గారూ, ఇది పనిచేస్తుందా?"

"చేస్తుందండి."

"మీ మాట చెల్లదు. నడిపి చూపించండి."

త్రిమూర్తులు మీట తిప్పాడు. పవర్‌పేట స్టేషనులో రైలు ఒక్కసారి ఉలిక్కిపడి, శుభలేఖల పెట్టెల్ని లాక్కుంటూ బయల్దేరింది. తమ్మిలేరు వంతెన మీద టకటకా చప్పుడు చేసింది. మలుపు తిరిగి, పీచు చెట్ల వెనక కనపడకుండా పోయి, ఇటునించి వచ్చింది. ఎప్పట్లాగే మళ్ళీ తమ్మిలేరు దాటి కొంచెం అవతల ఆగిపోయింది.

"పనిచేయుట లేదు," అన్నారు చిదానందం గారు తృప్తిగా.

"సిగ్నలివ్వలేదండి," అన్నాడు త్రిమూర్తులు అలవాటు కొద్దీ.

"ఇచ్చుటకు బాధ్యులెవరు?" అని అడిగారు వైకుంఠరావు గారు. ఆయన ఎప్పుడు వంగారో, ప్లాట్‌ఫారం ఎత్తుకి మొహం పెట్టి చూస్తున్నారు. "స్టేషను మాస్టరు ఏడీ? ఇంత స్టేషనుకి స్టేషను మాస్టరు లేకపోవుట ఏమి?"

"చింతగింజ ఊడిపోయిందండి. మళ్ళీ చెయ్యాలి," అంది గుమ్మంలోంచి మంగతాయారు.

"అంతవరకు ఖాళీగా ఉంచరాదు. అదనపు బాధ్యతలు నేను స్వీకరించుచున్నాను." అని మేనేజరు గారు జేబులోంచి ఆకుపచ్చ రుమాలు తీసి ఊపారు. అంతటితో ఊరుకోక, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కూత వేశారు. ఆ కూత మా ఆఫీసులో ఎవరం ఎప్పుడూ వినలేదు. ఆయనకీ కొత్తగానే ఉన్నట్టుంది, వేశాక మా వంక చూసి, "ఇది పరీక్షలో భాగము," అన్నారు.

రైలు కదిలింది. రత్నకుమారి గారు గడియారం చూసుకున్నారు. ఆవిడ అకౌంట్సు మనిషి. "పోయినసారి కంటే ఆలస్యంగా వచ్చింది," అన్నారు. మళ్ళీ వచ్చాక, "ఇంకా ఆలస్యం. దీనికి టైంటేబులు లేదాండీ? టైంటేబులు లేకుండా ఎలా నడుపుతున్నారు ఇన్నేళ్ళూ?" అని నా మినిట్సు పుస్తకంలోంచి ఒక కాగితం చింపుకుని, బల్ల పక్కన కింద కూర్చుని గడులు గీశారు. పాసింజరు, ఎక్స్‌ప్రెస్సు, గోనెసంచుల గూడ్సు.

ఇద్దరికీ పదవులు వచ్చేసరికి చిదానందం గారు ఓర్చుకోలేకపోయారు. నియమావళి మూసి నా చేతికిచ్చి, మీట తను తీసుకున్నారు. "చుట్లు తిరిగితే చాలదు. నియమావళిలో సంతృప్తికరమైన పరీక్ష అన్నారు. వేగము కూడా పరీక్షించవలె."

"వద్దండి, మలుపులో తట్టుకోదు," అన్నాడు త్రిమూర్తులు.

చిదానందం గారు మీట ఆ చివరికి తిప్పేశారు. రైలు మలుపు దగ్గర లేచి, మూడు పెట్టెల్తో సహా తమ్మిలేట్లో పడింది. అరటిపళ్ళ మనిషి ఎగిరి మేనేజరు గారి బూటు మీద పడింది.

ముందుగా తేరుకున్నవారు వైకుంఠరావు గారే. "ఈ ప్రమాదమునకు బాధ్యులను గుర్తించుటకు తక్షణమే విచారణ జరుపవలెను," అన్నారు.

"విచారణ దేనికండీ, ఆయనే కదండీ తిప్పారు!" మంగతాయారు లోపలికొచ్చేసింది. వంగి ఒక్కొక్క చింతగింజనీ ఏరి కొంగులో వేసుకుంటోంది. "మా ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు వద్దని. పద్ధెనిమిదేళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు ఈ లైనులో. పెద్ద చదువులు చదువుకున్నవారు, మీరు వచ్చి గంటన్నా కాలేదు!"

చిదానందం గారు డాక్టరేటు పుచ్చుకున్న రోజున కూడా అంత బుద్ధిగా నిలబడి ఉండరు. "సంస్థ మిక్కిలి చింతిస్తున్నది," అన్నారు. తర్వాత చిన్న గొంతుతో, "ఎవరికీ ఏం కాలేదు కదమ్మా?" అన్నారు.

"ఒకావిడకి ముక్కు చెరిగింది. మళ్ళీ దిద్దుకుంటాలెండి." ఆవిడ కోపం కాస్త దిగింది. "కూర్చోండి. పట్టాలు సరిచెయ్యడానికి టైము పడుతుంది. బజ్జీలు వేస్తాను."

త్రిమూర్తులు పట్టాలు సరిచేస్తుంటే అధికారులు ముగ్గురూ నేల మీద బాసింపట్లు వేసుకుని బజ్జీలు తిన్నారు. విచారణలో బాధ్యత మలుపుదని తేలింది. వేగ పరిమితి బోర్డు పెట్టాలని తీర్మానించారు. బోర్డు మీద అక్షరాలు చిదానందం గారే రాస్తానన్నారు. ఆ తర్వాత రైలు చీకటి పడేదాకా నడిచింది. కాటా మెట్ల మీదే ఉంది. బంట్రోతు దాని మీద కూర్చుని వేరే ప్లేటు బజ్జీలు తిన్నాడు.

చివరికి రత్నకుమారి గారు లేచి చీర దులుపుకున్నారు. "మరి రిపోర్టు ఏం రాద్దాం?"

అందరికీ వచ్చిన పని గుర్తొచ్చింది. చిదానందం గారు దిగులుగా నియమావళి తీసుకున్నారు. "పనిచేయుచున్నది గనక తుక్కు అనలేము. వ్యయము లేదు గనక అభిరుచి అనలేము. కాలక్షేపమే. ఉంచుటకు వీలు లేదు."

త్రిమూర్తులు మీట ఆపేశాడు. మంగతాయారు కొంగులో ఉన్న చింతగింజల్ని గట్టిగా పట్టుకుంది.

"వ్యయం లేదని ఎవరన్నారు?" అన్నారు రత్నకుమారి గారు. ఆవిడ గడులు గీసిన కాగితం వెనక్కి తిప్పారు. "సార్ ప్రధాన కార్యాలయం నించి కారులో వచ్చారు. కారు ఖర్చుంది. దినభత్యం ఉంది. మన ముగ్గురి ఒక పూట జీతం ఉంది. మినిట్సు రాసేవారిది ఉంది. కాటా మోసిన కూలి ఉంది. ఇదంతా ఏ పద్దు కింద రాయాలి? గోనెసంచుల కింద రాయలేం కదా, సంచుల పనేం చెయ్యలేదు. త్రిమూర్తులు గారి రైలు కోసం అయింది గనక, త్రిమూర్తులు గారి రైలు పద్దే."

లెక్క వేశారు. త్రిమూర్తులు జీతంలో నాలుగో వంతుకి పైనే తేలింది.

"కాని అది ఆయన వ్యయము కాదు గదా," అని సందేహించారు వైకుంఠరావు గారు.

"ఎవరు ఖర్చు పెట్టాలని నియమంలో లేదండి. ఖర్చవ్వాలనే ఉంది."

చిదానందం గారు నియమావళి అటూ ఇటూ తిరగేసి చూశారు. నిజంగానే లేదు. ఆయన మొహం వెలిగింది. "అట్లయిన ఇది కాలక్షేపము కాదు. అభిరుచి కూడా కాదు. అంకితభావము!" అని త్రిమూర్తులు చెయ్యి పట్టుకుని ఊపేశారు. "అయితే ఒక్క మాట. ఈ స్థాయి వచ్చే నెలలో కూడా నిలబడవలె."

"అందుకుగాను ప్రతి నెలా తనిఖీ అవసరము," అన్నారు వైకుంఠరావు గారు.

రత్నకుమారి గారు టైంటేబులు కాగితం మడిచి జాగ్రత్త చేసుకున్నారు.

"వారానికి ఒకటైతే మరింత క్షేమము," అన్నారు చిదానందం గారు రైలు వంక చూస్తూ.

అలా త్రిమూర్తులు సర్వీసు పుస్తకంలో నేరం అన్న మాట పడకుండా తప్పింది. ఇంక్రిమెంటు వచ్చింది. రైలు నిలిచింది. మొదటి రెండు వారాలు మొగుడూ పెళ్ళాం ఎంతో సంబరపడ్డారు.

మూడో వారం నించి శనివారం తనిఖీ ఆదివారం కూడా సాగడం మొదలైంది. వచ్చేవాళ్ళూ పెరిగారు. రాజమండ్రి మేనేజరు తులనాత్మక అధ్యయనానికొచ్చారు. స్టేషను మాస్టరు పదవి కోసం ఆయనకీ వైకుంఠరావు గారికీ మాట పట్టింపులొచ్చి, సీనియారిటీ జాబితా తయారుచేశారు. లెవెల్ క్రాసింగు దగ్గర డిప్యుటేషను మీద జోగారావుని వేశారు. గేటు ఎప్పుడూ వేసే ఉండాలి గనక అతను అక్కడ హాయిగా తన మొదటి అభిరుచి చూసుకుంటున్నాడు. రత్నకుమారి గారి టైంటేబులు అచ్చయింది. యజమాని నడిపితే తనిఖీ నిష్పక్షపాతంగా ఉండదని, త్రిమూర్తులు మీట ముట్టుకోరాదని ఒక ఉత్తర్వు వచ్చింది. నాలుగు రోజుల తర్వాత మేడ గది తలుపుకి బోర్డు తగిలించారు: 'తనిఖీ జరుగుచున్నది. ఇంటివారికి ప్రవేశము లేదు.'

ఆ మధ్య మేనేజింగ్ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి వెళ్ళారు. వెళ్ళాక, రాష్ట్రం మొత్తం మీద అంకితభావంలో త్రిమూర్తులే ప్రథముడని ప్రకటించారు. పటం కట్టిన ప్రశంసాపత్రం ఆఫీసులో నా చేతికిచ్చి, అందించి రమ్మన్నారు.

ఆదివారం సాయంత్రం వెళ్ళాను. మేడ మీంచి మేనేజరు గారి కూత వినిపిస్తోంది. వీధి గదిలో ఎవరూ లేరు. పిలిస్తే పలకలేదు. వంటింటి వైపు వెళ్ళి చూస్తే, పెరటి గుమ్మంలో, బట్టలు నానబెట్టే పెద్ద అల్యూమినియం బేసిను చుట్టూ ఇద్దరూ గొంతుక్కూర్చుని ఉన్నారు. బేసిన్లో నీళ్ళు. నీళ్ళ మీద, కొబ్బరినూనె డబ్బా రేకు వంచి చేసిన లాంచీ. లోపల ఒక చిన్న కొవ్వొత్తి ముక్క. లాంచీ గుడుగుడుమంటూ ఒడ్డు వెంట తిరుగుతోంది. దాని మీద ఇంకా మనుషులెవరూ ఎక్కలేదు. మంగతాయారు చేతిలో ఒక సీతాఫలం గింజ, ఇంకో చేతిలో సన్న కుంచె ఉన్నాయి.

త్రిమూర్తులు నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. బేసిను మీద తువ్వాలు కప్పబోయాడు గానీ కొవ్వొత్తి ఉందని ఆగాడు.

"దీనికి ఖర్చేం అవలేదండి అన్నయ్య గారూ," అంది మంగతాయారు మేడ వైపు చూసి, గొంతు తగ్గించి. "దయచేసి ఆఫీసులో చెప్పకండి."

ప్రశంసాపత్రం బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టాను. చెప్పులు విడిచి, చొక్కా చేతులు పైకి మడుచుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాను.

"గోదావరికి కాస్త కెరటాలు కావాలండి," అన్నాడు త్రిమూర్తులు. "మెల్లిగా. లాంచీ కొత్తది."

వేలు ముంచి మెల్లిగా కదిపాను. లాంచీ ఒకసారి తూలి, నిలదొక్కుకుని, అవతలి గట్టుకేసి బయల్దేరింది.